నడవగోడపై వంశావళి: సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత గృహములందలి ఛాయాచిత్రములు

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు మీదుగా రామచంద్రాపురము వఱకు వ్యాపించిన పారిశ్రామిక ప్రాంతమున గడచిన అరువది యేండ్లలో కట్టబడిన చిన్న ఇండ్లలో ప్రవేశించువానికి మొదట ఎదురగునది నడవ. దానిని గదియనుటకు వీలు లేదు. వెడల్పు తఱచుగా ఒక బారకు మించదు. ఒక ప్రక్క చెప్పులు విడుచు చోటు, వేఱొక ప్రక్క నీళ్ళ బిందెలో సైకిలో ఉండును. అయినను ఆ యింటి గోడలన్నింటిలో మిక్కిలి శ్రద్ధతో తీర్చబడినది పెక్కుచోట్ల ఆ నడవగోడయే. తాత, అవ్వ, పూలదండలతో నిలిచిన నూతన దంపతులు, మొలత్రాడు తప్ప వేఱు వస్త్రము లేని పసివాడు, పట్టభద్రుల నల్లని అంగీ తొడిగిన ఆడపిల్ల, వీరందఱు అద్దపు చట్రములలో వరుసలు తీరి వచ్చువారిని చూచుచుందురు. ఈ వరుసను గృహాలంకారమని భావించి దాటిపోవుట మనకు పరిపాటి. ఇది ఒక వంశావళి యనియు, అక్షరములు లేని వంశావళి యగుటచే మన కన్నులయెదుటనే చెడిపోవుచున్నదనియు చూపుట ఈ వ్యాసమున నా ప్రయత్నము.

చరిత్ర సామగ్రి యనగానే మన విద్యార్థులకు శాసనములు, తాళపత్రములు, కైఫీయతులు స్ఫురించును. అవి రాజులవి, ఆలయములవి, గ్రామాధికారులవి. కూలినాలి చేసికొని బ్రదికిన కుటుంబమునకు కైఫీయతు లేదు. దాని పేరెక్కిన పాత కాగిత మేదైన ఉన్నచో అది శిస్తు కొఱకో అప్పు కొఱకో ఇతరులు వ్రాసికొన్నదే. ఛాయాచిత్ర మట్టిది కాదు. ఆ కుటుంబము తానే కోరి, తానే సొమ్ము చెల్లించి, తనకు నచ్చిన వేషముతో తన్నుగూర్చి చేయించుకొన్న తొలి పత్ర మది. దీనిని పత్రముగా చదువుట మన మింకను అలవాటు చేసికొనలేదు.

కుటుంబమును గోడపై నిలుపుట దక్కను దేశమునకు క్రొత్త గాదు. పుణె జిల్లాలో జున్నరు పట్టణమునకు చేరువ, కొంకణము నుండి పీఠభూమికి ఎక్కు కనుమదారిలో నానాఘాట్ గుహ కలదు. దాని వెనుకగోడపై సాతవాహన రాజకుటుంబపు ప్రతిమలు ఒకప్పుడు వరుసగా చెక్కబడియుండెను. ఒక్కొక్క ప్రతిమ తలపై బ్రాహ్మీలిపిలో పేరు కలదు. శిముక సాతవాహనుడు, దేవి నాయనిక, ఆమె భర్త శ్రీశాతకర్ణి, కుమారుడు భాయ, మహారఠి త్రణకయిరుడు, కుమారుడు హకుసిరి, కుమారుడు సాతవాహనుడు అనునవి ఆ పేర్లు. నాగనిక యని మనము పిలుచు ఆ రాణికి త్రణకయిరుడు తండ్రియని పండితుల ఊహ. అల్లునివారి గోడపై మామగారికి చోటు దొరకుట నేటి నడవలలోను అంత సులభము కాదు. ఆ రాణి పలుకుబడి ఎంతటిదో దీనినిబట్టియే ఊహింపవచ్చును. నేడు అచ్చట ప్రతిమలు లేవు. పాదముల జాడలు మాత్రము మిగిలినవి. పేర్లు నిలిచియున్నవి.

నానాఘాట్‌లో ముఖములు పోయి పేర్లు నిలిచినవి. మన నడవలలో ముఖములు నిలిచి పేర్లు పోవుచున్నవి. ఈ రెండింటిలో ఏది చరిత్రకారునికి మేలని యడిగినచో నేను తడవుకొనక మొదటిదే యందును. పేరున్నచో మిగిలిన ఆధారములను దానికి కూర్చవచ్చును. పేరులేని ముఖమునకు దేనిని కూర్చగలము?

సంగారెడ్డికి చేరువ గల కొండాపురము కూడ సాతవాహనుల కాలపు పట్టణమే. 1940 దశకారంభమున హైదరాబాదు రాజ్య పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరుపగా నాణెములు, పూసలు, కాల్చిన మట్టిబొమ్మలు విశేషముగా బయల్పడినవి. అచ్చటి ప్రదర్శనశాలలో ఆ మట్టిబొమ్మల ముఖములు చూచినపుడు అవి ఎవరివని మన మడుగము. రెండువేల యేండ్లు గడచిన పిదప ఆ ప్రశ్న తోపకుండుట సహజము. అరువది యేండ్లకే అదే స్థితి కలుగుట మాత్రము సహజమనిపించదు.

భాసుని ప్రతిమానాటకమున మూడవ అంకము ఈ సందర్భమున జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. మేనమామ ఇంటినుండి వచ్చుచున్న భరతుడు అయోధ్య వెలుపల ఒక ప్రతిమాగృహమున ప్రవేశించును. అచ్చటి దేవకులికుడు దిలీపుని, రఘువును, అజుని వరుసగా పేరుపేరున చూపును. నాలుగవ ప్రతిమ తన తండ్రిదిగా కనబడగా భరతుడు బ్రదికియున్నవారి ప్రతిమలు కూడ ఇచ్చట నిలుపుదురా యని యడుగును. గతించినవారివే యని సమాధానము వచ్చును. దూరదేశమున నున్న కొడుకు గోడవరుసను చూచి తండ్రి మరణము నెఱుగుట ఇచ్చటి కథ. ఇందు ప్రతిమ తనంతట ఏమియు చెప్పదు, దేవకులికుడు చెప్పును. వరుసకు ప్రాణము వరుసను చెప్పువానిలో ఉన్నది.

తెలంగాణమున ఆ చెప్పువాడు చాలకాలము ఒక వృత్తిగా నిలిచెను. చేర్యాల నకాషీ చిత్రకారులు సుద్దయు, చింతగింజల జిగురును పట్టించిన నేతబట్టపై ఎఱ్ఱని నేలరంగుతో వ్రాసిన పొడవైన పటములు కులపురాణములు చెప్పువారికి ఆధారము. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణము చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము చెప్పుదురు. పటమును అరలు అరలుగా విప్పుచు, కఱ్ఱతో బొమ్మను తాకుచు, ఇతడు మీ మూలపురుషుడు, ఈతని కొడుకు లిందఱు అని కథకుడు వినిపించును. విప్పినపుడు మాత్రమే కనబడు గోడ యది.

ఇచ్చట మన భాష యొక రహస్యమును దాచియున్నది. ఆ గుడ్డచుట్టకును పటము అనియే పేరు. చట్రములో బిగించిన ఛాయాచిత్రమునకును పటము అనియే పేరు. 'పటం కట్టించుట' యను పలుకుబడి బట్టతో ఏ సంబంధమును లేని చెక్కకు, అద్దమునకు, మేకునకు సంక్రమించినది. సంస్కృతమున పటశబ్దమునకు వస్త్రమని యర్థము. ఆ బట్ట పోయినను మాట పోలేదు. క్రొత్త వస్తువును జనులు పాత పనిలోనే నిలిపిరని ఈ మాట సాక్ష్యమిచ్చుచున్నది. కాని మార్పిడిలో ఒకటి జారిపోయినది. గుడ్డపటముతో కూడ కథకుడు వచ్చెను. అద్దపుపటముతో ఎవరును రాలేదు. ఇంటి ముసలమ్మ ఆ పని చేయుచున్నది. ఆమె జీతములేని దేవకులిక.

ఛాయాచిత్రము ఈ నడవకు చేరిన త్రోవను సంక్షేపముగా చెప్పెదను. 1839లో పారిస్ నగరమున దాగేరు పద్ధతి వెల్లడియైనది. హైదరాబాదు రాజ్యమున ఈ కళకు ప్రతిష్ఠ తెచ్చినవాడు లాలా దీన్‌దయాళ్ (1844–1905). మీరట్ సమీపమున జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరున ఉద్యోగము చేయుచు 1874లో ఛాయాచిత్రణము చేపట్టెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 'రాజా ముసవ్విర్ జంగ్' బిరుదమును పొందెను. 1886లో సికింద్రాబాదున ఆయన చిత్రశాల వెలసెను. ఘోషాస్త్రీల కొఱకు 1892లో ప్రత్యేకముగ నెలకొల్పిన జనానా చిత్రశాలలో చిత్రములు తీయు బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు ఒప్పగింపబడెను. ప్రభువుల ముఖములకు ఆ కాలముననే ఇన్ని ఏర్పాట్లు జరిగెను. కాగా ఇదే రాజ్యమున మెదకు జిల్లా రైతు కుటుంబములలో పెక్కు స్త్రీలకు అటుపై రెండు మూడు తరముల వఱకు ముఖచిత్రమే లేదు. దర్బారునకును నడవకును నడుమ సంతలలో అమ్మిన దేవతల అచ్చుబొమ్మలు వారధియైనవి. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ముద్రణాలయపు లక్ష్మీ సరస్వతులు పల్లెగోడలకు చట్రమును, అద్దమును అలవాటు చేసిరి. దేవునికి పటము కట్టినవాడే పిదప తాతకును కట్టెను.

ఇక ఈ ప్రాంతమునకు వత్తము. 1960 దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసెను. 1972లో పటాన్‌చెరు వద్ద అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, స్థాపింపబడినపుడు ఆ క్షేత్రము నడుమనున్న మన్మోల్, కాచిరెడ్డిపల్లి గ్రామములు వేఱుచోటికి తరలింపబడెను. మంజీరపై సింగూరు జలాశయము 1980 దశకమున నిర్మింపబడగా మఱికొన్ని పల్లెలు మునిగెను. 1980లో ఇందిరాగాంధి మెదకు స్థానమునుండి లోక్‌సభకు ఎన్నికైన తరువాత పారిశ్రామికవాడలు త్వరితముగా పెరిగెను. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వచ్చెను. సంగారెడ్డి 2016లో ప్రత్యేక జిల్లా యయ్యెను. ఈ తేదీలను వరుసగా చెప్పుటకు కారణ మొకటి కలదు. ఒక తరములోనే ఈ నేలపైని జనులు ఒకసారియైనను ఇల్లు మారిరి. వచ్చినవారును ఊళ్ళు విడిచి వచ్చినవారే: కోస్తా జిల్లాల వారు, కన్నడ మరాఠీ సీమల వారు, పిమ్మట ఒడిశా బీహారుల వారు. ఇల్లు మారువాడు గోడను కొనిపోలేడు. గోడపైని పటమును గుడ్డలో చుట్టి కొనిపోవును. క్రొత్త యింటిలో మొదట కొట్టిన మేకు తఱచుగా దానికే.

విశాలమైన పాత ఇండ్లలో పటములు లోపలి గదులలోను, వసారాలోను చెదరియుండెడివి. రెండు గదుల వసతిలో ఒక గోడను దేవుడు, ఇంకొక గోడను బీరువా, మూడవదానిని కిటికీ ఆక్రమించును. వంటింట పొగ, నూనె జిడ్డు. మిగిలినది నడవ. అచ్చట ఎండ సూటిగా పడదు. వచ్చినవాడు చెప్పులు విడుచుటకు క్షణము నిలువక తప్పదు. ఇఱుకుతనమే పూర్వులను ఇంటి వాకిటికి తెచ్చినది. దీనిని నేను ఈ ప్రాంతపు విశేషముగా ఎన్నుచున్నాను. లోపలి గదిలో ఇంటివారికి మాత్రమే కనబడిన తాత ఇప్పుడు పాలవానికిని, అద్దె అడుగ వచ్చినవానికిని కనబడుచున్నాడు. 'మేమును ఒక ఊరివారమే, ఒక వంశమువారమే' యని క్రొత్త వాడలో చెప్పుకొను పద్ధతి యది.

ఈ గోడలకు ఒక వ్యాకరణము కలదు. గతించినవారు పైవరుస, జీవించినవారు క్రిందివరుస. వీలున్నచో గతించినవారిని దక్షిణపు గోడకు చేర్చుట, పూజాస్థలమున దేవతలతో కలుపకుండుట పెక్కుమంది పాటించు నియమము. అద్దముపై నొసటిచోట కుంకుమబొట్టు పెట్టి, గంధపుచెక్క తరుగుతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన దండను వేయుదురు. దండ పడిన పటము స్థానము మారును. మనుమడు దానిని వ్రేలు చాచి చూపరాదు. పాత పటములను క్రింద రెండు మేకులపై ఆనించి, పైన త్రాటితో కట్టి, తల ముందునకు వంగునట్లు వ్రేలాడదీసెడివారు. చాపమీద కూర్చున్నవానికి చక్కగా కనబడుటయు, అద్దముపై వెలుగు తళుకు తగ్గుటయు దాని ప్రయోజనములు. ఆ వంపు వెనుక పిచ్చుకలు గూళ్ళు కట్టెడివి. గోడకంటిన నేటి చట్రములు వచ్చిన పిదప ఆ పిచ్చుకలకు చోటు లేదు. ఇది చరిత్రకు సంబంధించిన మాటయేనా యని యడుగువారికి నా సమాధాన మొకటే: తాత పటమును జ్ఞప్తికి తెచ్చుకొను ముసలివారిలో పిచ్చుక మాట ఎత్తనివారు అరుదు.

వ్యాకరణ మెఱిగిన పిదప అపవాదములను చూడవలెను. భవభూతి ఉత్తరరామచరితమున మొదటి అంకమునందు లక్ష్మణుడు చిత్రములను చూపుచు వదినెను, మాండవిని, శ్రుతకీర్తిని పేర్కొని ఊర్మిళను దాటవేయును. సీత నవ్వుచు ఈమె యెవరని యడుగును. అచ్చట అది సిగ్గు. మన గోడలపై దాటవేత కారణములు వేఱు. తండ్రి మొదటి భార్య, ఇల్లు వదలిపోయిన తమ్ముడు, పెద్దల ఇష్టమునకు భిన్నముగా పెండ్లాడిన కూతురు, వీరు వరుసలో ఉండరు. లేదా సామూహిక చిత్రమున ఒక అంచు మడతపడి చట్రమున కూర్చుండును. పరిశోధకుడు పటమును విప్పించి చూచినచో ఆ మడత తెలియును. ఇంటివారి అనుమతి లేక ఆ మడతను ప్రశ్నించుట మాత్రము మర్యాద కాదు.

ఉన్న ముఖములను గూర్చియు జాగరూకత కావలెను. ముసలితాతకు కోటును కంఠబంధమును ఉన్నంతమాత్రమున ఆయన వాటిని ధరించెనని వ్రాయరాదు. మరణించిన పిదప చిన్న చిత్రమును పెద్దదిచేసి, చిత్రశాలవాడు కుంచెతో కోటు తొడిగించుట సర్వసాధారణము. అవ్వల పటములలో పెక్కింటికి మూలము ఎన్నికల గుర్తింపుకార్డు. 1993లో ఆ కార్డుల పద్ధతి వచ్చినపుడు మొదటిసారిగా ఛాయాచిత్రమునకు కూర్చున్న వృద్ధస్త్రీలు ఎందఱో కలరు. బొటనవ్రేలంత ముఖమును పెంచి, వెనుక నీలిరంగు తెర వేసి, మెడలో లేని హారమును వ్రాసి గోడకెక్కించిరి. వేషభూషల చరిత్రకు ఈ పటములు సాక్ష్యము కావు. కొడుకులు తల్లిని ఏ విధముగా చూడగోరిరో యను విషయమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము లేదు.

ఈ పత్రముల ఆయుర్దాయము ఎంత? ఇచ్చట నాకు ఆశ్చర్యము కలిగించిన విపర్యయ మొకటి కలదు. పాత నలుపు-తెలుపు చిత్రమున రూపమును నిలుపునది సూక్ష్మమైన వెండి. సరిగా కడిగి, తేమకు దూరముగా ఉంచినచో అది నూఱేండ్లు దాటును. రంగుచిత్రమున నిలుచునవి అద్దకపు రంగులు. వెలుగు తగిలిన అవి వెలిసిపోవును. చీకటిలో ఉంచినను 1970, 1980 దశకముల కాగితములలో ఒక రంగు తక్కినవానికంటె ముందుగా తగ్గి చిత్రమంతయు ఎఱ్ఱబడును. ఫలితముగా 1950 నాటి తాత స్పష్టముగా ఉండగా 1985 నాటి పెండ్లికొడుకు మసకబారుచున్నాడు. ఈ ప్రాంతమున కర్మాగారములు పెరిగి, వలసలు ముమ్మరమై, క్రొత్త కుటుంబములు నిలద్రొక్కుకొన్న దశకములు సరిగా ఆ రంగుకాగితపు దశకములే. చెదలు, వానకారు తేమ, అద్దమునకు అంటుకొను కాగితము మిగిలిన పనిని చేయును. ఆ పిమ్మటి చిత్రములు చేతిలోని ఫోనులో పుట్టి, పెక్కు ఫోనులోనే గిట్టుచున్నవి.

పేర్లు అంతకంటె త్వరగా పోవును. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఔషధ కర్మాగారమున జరిగిన ప్రేలుడులో ఏబదిమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. దేహములను డి.ఎన్.ఏ. పరీక్షలచే గుర్తింపవలసివచ్చెను, ఎనమండుగురి దేహములు లభింపనే లేదు. వారిలో పెక్కురు ఉత్తర, ప్రాచ్య రాష్ట్రములనుండి వచ్చినవారు. వారి పటములు వ్రేలాడు గోడలు ఈ జిల్లాలో లేవు. ఈ పారిశ్రామిక ప్రాంతపు చరిత్ర వ్రాయబూనువాడు ఇచ్చటి నడవలతో తృప్తి చెందరాదు. ఈ నేల కుటుంబచిత్రములలో ఒక భాగము గంగాతీరపు పల్లెలలోను, మహానదీ తీరపు పల్లెలలోను ఉన్నది.

పనికి పూనుకొను విద్యార్థులకు అనుభవమునుబట్టి రెండు మూడు మాటలు. పటములను దింపుటకు ముందు గోడనంతయు ఒక చిత్రముగా తీయవలెను. ఏది దేని ప్రక్కన ఉన్నదో అది కూడ సమాచారమే. వెనుక అట్టను తప్పక చూడవలెను. చిత్రశాల ముద్ర, ఊరు, ఒక్కొక్కప్పుడు తేదీ అచ్చట ఉండును. పేర్లు వెనుక అట్టపై మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. సిరా కాగితమును తొలిచి ముందువైపునకు తేలును. ఒకే ముఖమును ఇద్దఱు పెద్దలకు వేఱువేఱుగా చూపి అడుగవలెను. వారు భిన్నముగా చెప్పినచో రెండును వ్రాయవలెను. స్త్రీలకు 'ఫలానివారి భార్య' యని మాత్రము వ్రాసి ఊరకుండరాదు. పుట్టినింటి పేరును అడిగినచో ముసలమ్మలు సంతోషముతో చెప్పుదురు. ఎవరును అంతకుముందు అడిగియుండరు.

ఈ నియమములను నేను ఆలస్యముగా నేర్చితిని. సంగారెడ్డిలోని మా యింటి నడవలో మా అమ్మమ్మ తెచ్చిన పటమొకటి కలదు. తలపాగతో ఒకరు కుర్చీలో కూర్చుండగా, ఆయన మోకాలిపై చేయివేసి ఆరేడేండ్ల బాలిక నిలిచియున్నది. వెనుక మెట్లు, పూలకుండి గల చిత్రించిన తెర. అట్టపై సికింద్రాబాదు అను నక్షరములు మాత్రము తెలియుచున్నవి. అమ్మమ్మ ఉన్నంతకాలము పండుగపూట దానికి బొట్టు పెట్టెడిది, నేను అడుగలేదు. ఆమె పోయిన పిదప అమ్మ నడిగితిని. 'గాయన మా అమ్మ వాళ్ళ పెద్దన్న బిడ్డా, చిన్నప్పుడే పట్నం పోయిండట' అనెను. జహీరాబాదున ఉన్న పెద్దమ్మకు అదే చూపితిని. ఆమె అద్దమును కొంగుతో తుడిచి, చాలసేపు చూచి, 'పెద్దన్న కాదు, మా తాత. గా పిల్ల మా అమ్మనే' అనెను. రెండు మాటలను అట్టపై పెన్సిలుతో వ్రాసి, తేదీ వేసి, పటమును తిరిగి మేకున తగిలించితిని.